ఎండిన బోదలో వారాంతపు నడక

వెలిగొండల్లో పెరుగుతున్న బృంద యాత్రలు.. నిప్పు కాలంలోనే రద్దీ.. నిబంధన ఉన్నా కనిపించని బాట

ఉదయగిరి, ఆత్మకూరు: శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోతుందని పెద్దల మాట. జిల్లాలోని మెట్ట మండలాల్లో కొండల పచ్చదనం కూడా ఆ పండుగతోనే వెళ్లిపోతుంది. ఉదయగిరి, సీతారామపురం, మర్రిపాడు, అనంతసాగరం మండలాలకు పడమటి దిక్కున గోడకట్టినట్లు నిలిచిన వెలిగొండలు ఫాల్గుణం వచ్చేసరికి ఎండుగడ్డి వన్నెకు తిరుగుతాయి. ఆకు రాలుతుంది. వాగులు ఇంకుతాయి. నడుము ఎత్తు పెరిగిన బోదగడ్డి నిలువునా ఎండి గాలికి గలగలమంటుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే పట్టణాల నుంచి యువజన బృందాలు ఈ కొండల బాట పడుతున్నాయి.

శనివారం సాయంత్రం నెల్లూరు, కావలి, కడప, చెన్నై, బెంగళూరుల నుంచి బయలుదేరడం, ఆదివారం తెల్లవారుజామున కొండ ఎక్కడం, పొద్దుగూకే లోపు దిగి తిరుగుముఖం పట్టడం ఈ యాత్రల తీరు. పది మంది మొదలు ముప్పై మంది వరకు ఒక్కో జట్టు. అందరూ ఒకరికొకరు పరిచయస్తులని చెప్పలేం. ఫోనులో కలిసినవారు కొందరు, స్నేహితుని వెంట వచ్చినవారు కొందరు. వీపున సంచి, చేతిలో సెల్‌ఫోను, అందులో ఉపగ్రహ చిత్రం. ఎక్కువగా వారమంతా కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగులు, పరీక్షలు ముగించుకున్న విద్యార్థులు.

ఇది తప్పుపట్టవలసిన అభిరుచి కాదు. సెలవు దొరికితే సినిమాకో, మద్యం దుకాణానికో పోకుండా పదిహేను కిలోమీటర్లు నడిచి చెమటోడ్చే యువతను చూసి సంతోషించవలసిందే. చిక్కంతా కాలంతోనే. అడవి అగ్గిపెట్టెలా ఉన్న మూడు నెలల్లోనే ఈ నడక ఎక్కువ కావడం, ఎక్కడికి వెళ్లవచ్చో ఎక్కడికి వెళ్లకూడదో చెప్పే బాట ఒక్కటీ లేకపోవడం, ఏదైనా జరిగితే బాధ్యత కొండ కింది పల్లెల మీద పడడం.. ఈ మూడూ కలిసి ఈ వేసవి సరదాను చర్చనీయాంశం చేస్తున్నాయి.

ఒకే దారి ఉన్న దుర్గం

ఈ ప్రాంతానికి వచ్చే బృందాలకు మొదటి మజిలీ ఉదయగిరి దుర్గం. సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తున్న ఈ కొండ చరిత్ర జిల్లా వాసులకు తెలియనిది కాదు. గజపతుల చేతిలో ఉన్న దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడి తరువాత 1514లో వశం చేసుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తరలించి, అక్కడ ఆలయం కట్టించి ప్రతిష్ఠించాడు. 16వ శతాబ్దంలో విజయనగర చరిత్ర రాసిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్ ఈ దుర్గం ఎక్కడానికి ఉన్న దారి ఒక్కటేనని పేర్కొన్నాడు. రాయలు పెద్దపెద్ద బండలు పగులగొట్టించి తన సైన్యానికి దారులు వేయించుకున్నాడని కూడా రాశాడు. ఐదు వందల ఏళ్లు గడిచాయి. కొండ మీది కట్టడాలు శిథిలమయ్యాయి, గోల్కొండ కాలపు మసీదులు పాతబడ్డాయి, దిగువన రంగనాయకుల గుడి పాడుబడింది. దారి మాత్రం ఇప్పటికీ సమస్యగానే మిగిలింది.

దుర్గం వరకు వెళ్లి వచ్చేవారి విషయంలో పెద్దగా ఆందోళన లేదు. రాతిమెట్లు, కోట గుమ్మాలు ఆనవాలుగా నిలుస్తాయి. పట్టణం కంటికి కనిపిస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున ఎక్కి ఎండ ముదిరేలోపు దిగిపోవచ్చు. అసలు ప్రమాదం కోట దాటి లోపలి కోనల్లోకి దిగేవారితో వస్తోంది. సీతారామపురం మండలంలో ఘటిక సిద్ధేశ్వరం చుట్టూ ఉన్న కొండలు, పొరుగున సి.ఎస్.పురం మండలంలోని భైరవకోన ఎగువ అడవి, ఆత్మకూరు దాటాక మర్రిపాడు మీదుగా బద్వేలు వైపు సాగే 67వ నంబరు జాతీయ రహదారికి ఇరుపక్కల అడవి, సోమశిల జలాశయం వెనుక కొండలు ఇప్పుడు కొత్తవారిని ఆకర్షిస్తున్నాయి. ఫోనులో పటం చూస్తే ప్రతి వాగూ దారిలాగే కనిపిస్తుంది. కొండ మలుపు తిరిగేసరికి సిగ్నల్ పోతుంది. కోనలో దిగినవారికి నలువైపులా కనిపించేది ఒకే రకం చెట్టు, ఒకే రకం బండ.

ఊరివారు ఈ అడవిలో నడవరా అంటే తరతరాలుగా నడుస్తూనే ఉన్నారు. గొర్రెల కాపరులు, తేనె తీసేవారు, మూలికల కోసం తిరిగే యానాదులు, ఉదయగిరి చెక్క గరిటెల పనికి కర్ర తెచ్చుకునేవారు అడవిలోకి పోనిదే పూట గడవని వారే. కానీ వారి నడకకు ఒక పంచాంగం ఉంది. సిద్ధేశ్వరానికి కార్తీకంలో, శివరాత్రికి జనం కదులుతారు. పెంచలకోన బ్రహ్మోత్సవాలు వైశాఖంలో వచ్చినా భక్తులు తారురోడ్డు మీద బస్సుల్లో చేరుకుంటారు. ఎండలు ముదిరాక అడవిలోకి పోవలసివస్తే తెల్లవారకముందే పోయి, పొద్దెక్కకముందే వస్తారు. కొత్తగా వచ్చే బృందాలకు ఈ పంచాంగం తెలియదు. ఆదివారం ఒక్కటే వారి తిథి.

బోద ఎందుకు మిగిలిపోతోంది

వెలిగొండల్లో వేసవి మంటలు కొత్త కాదు. ఇక్కడిది ఆకురాల్చే పొడి అడవి. మాను కంటే నేల మీది గడ్డి, రాలిన ఆకే ముందుగా అంటుకుంటాయి. ఈ నేల మంట పెద్ద చెట్టును కాల్చి కూల్చదు కానీ మొలకను, లేత మొక్కను, నేల మీద గూడుకట్టే పక్షి గుడ్డును, తాబేలును మిగల్చదు. వరుసగా నాలుగైదేళ్లు కాలిన కొండలో కొత్త చెట్టు లేవదు. దాని స్థానంలో మళ్లీ గడ్డే లేస్తుంది. మరుసటి ఏడు మంట మరింత పెద్దదవుతుంది.

ఇందులో ఊరివారు మాత్రమే గుర్తించే సంగతి ఒకటి ఉంది. ఒకప్పుడు మెట్ట పల్లెల్లో ఇళ్లకు, కొట్టాలకు బోదే కప్పు. చలికాలం చివర బండ్లకొద్దీ బోద కోసి తెచ్చేవారు. ఏడాది విడిచి ఏడాది కప్పు మార్చే ఇళ్లు ఊరికి వందల్లో ఉండేవి. మిద్దెలు, రేకుల ఇళ్లు వచ్చాక బోద కోసే చేతులు తగ్గిపోయాయి. కోయని గడ్డి కొండ మీదే ఎండి నిలుస్తోంది. ఊరు బాగుపడినందుకు అడవికి వచ్చిన కష్టమిది. దీన్ని ఎవరూ కోరి తేలేదు.

దేశంలో అడవి మంటల్లో దాదాపు అన్నీ మనిషి చేతి నిప్పుతోనే మొదలవుతున్నాయని అటవీ నిపుణులు ఏనాటి నుంచో చెబుతున్నారు. తొలకరికి లేతగడ్డి వస్తుందని నిప్పుపెట్టే కాపరులు ఉన్నారు. తేనెపట్టుకు పొగపెట్టి నిప్పు ఆర్పకుండా వచ్చేవారూ ఉన్నారు. రోడ్డుపక్క బీడీ ముక్క విసిరే డ్రైవర్లు ఉన్నారు. వీరి సరసన ఇప్పుడు వారాంతపు యాత్రికుడు చేరాడు. అతని చేతి నిప్పు రెండు రకాలు. ఒకటి సిగరెట్టు. రెండోది రాత్రి బస చేసినప్పుడు సరదాకు వేసే నెగడు. వంటకు చిన్న గ్యాసు పొయ్యి తెచ్చేవారూ లేకపోలేదు. గాలి లేదని రాత్రి వేసిన నెగడు బూడిద కింద కనకనలాడుతూనే ఉంటుంది. తెల్లవారి పది గంటలకు కొండగాలి లేచేసరికి, వేసినవారు మైలు దూరం పోయి ఉంటారు.

మంట వాలును ఎగబాకే తీరు తెలియకపోవడం మరో ప్రమాదం. చదును నేల మీద నడిచే మంట వాలు మీద పరుగెత్తుతుంది. వాలు ప్రతి పది డిగ్రీలు పెరిగేకొద్దీ మంట వేగం సుమారుగా రెట్టింపవుతుందని నిపుణుల అంచనా. కింద పొగ కనిపించగానే భయంతో పైకి ఎక్కడం మనిషి స్వభావం. మంట పోయే దిక్కూ అదే. బోద లేని బండ మీదికో, వాగు ఇసుకలోకో, అప్పటికే కాలి నల్లబడిన నేల మీదికో పక్కకు తప్పుకోవాలని పశువుల కాపరికి ఎవరూ నేర్పనక్కరలేదు. నగరం నుంచి వచ్చినవారికి చెప్పేవారు కావాలి.

కురంగణి చెప్పిన పాఠం

ఇది ఊహించి భయపెట్టే మాట కాదు. 2018 మార్చి 11.. అదీ ఆదివారమే. తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్లిన రెండు బృందాలు కొలుక్కుమలై వైపు నుంచి దిగుతుండగా గడ్డివాలులో మంట చుట్టుముట్టింది. 20 మందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. మృతుల్లో ఎక్కువమంది యువతీయువకులే. గాయపడిన వారిని తరలించడానికి వాయుసేన హెలికాప్టర్లు రావలసివచ్చింది. అనుమతి తీసుకున్న దారి ఒకటి, నడిచిన దారి మరొకటి అని అప్పట్లో అటవీ వర్గాలు వివరించాయి. ఆ తరువాత ఆ రాష్ట్ర ప్రభుత్వం విచారణ జరిపించి, ట్రెక్కింగ్‌కు ప్రత్యేక నియమావళి తెచ్చింది. నిప్పు కాలంలో అడవి బాటలు మూసివేయడం అక్కడ పద్ధతిగా మారింది.

అక్కడితో ఆగలేదు. 2024 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం 14 జిల్లాల్లో 40 బాటలను గుర్తించి, సులువు, మధ్యస్థం, కఠినం అని వాటిని విభజించి, ఆన్‌లైన్‌లో రుసుము చెల్లించి నడిచే ఏర్పాటు చేసింది. కొండ పక్క పల్లెల, గిరిజన గూడేల యువకులకు శిక్షణ ఇచ్చి మార్గదర్శకులుగా పెట్టింది. 2025లో ఫిబ్రవరి 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఆ బాటలన్నీ మూసివేసింది. బాట తెరవడం, మూసివేయడం రెండూ ఒకే చేతిలో ఉంటేనే మూసివేతకు విలువ ఉంటుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

మన కురంగణి మనకు రాకముందే మేలుకోవాలన్నది పర్యావరణ ప్రేమికుల వాదన. వెలిగొండ గడ్డివాలులు కురంగణి వాలులకు తీసిపోవు. పైగా ఇక్కడి ఎండ అక్కడికంటే ఎక్కువ. ఫిబ్రవరి నుంచి మే చివరి వరకు, ఒక్కో ఏడు జూన్ తొలకరి దాకా ఇక్కడ నిప్పు కాలమే.

ఉపగ్రహం చూసే వేళలు

మంట పడితే పైనుంచి ఉపగ్రహం పట్టేస్తుందన్న ధీమా కొందరిలో ఉంది. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహ సమాచారం ఆధారంగా మంటలను గుర్తించి, ఆయా ప్రాంతాల అటవీ సిబ్బంది ఫోన్లకు సంక్షిప్త సందేశాలు పంపుతున్న మాట నిజమే. అయితే చిన్న మంటలను సైతం పట్టగల పరికరమున్న ఉపగ్రహం మన ప్రాంతం మీదుగా పోయేది పగలు ఒంటిగంటన్నర ప్రాంతంలో ఒకసారి, రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతంలో మరోసారి. మధ్యాహ్నం మూడింటికి అంటుకున్న నిప్పు అర్ధరాత్రి దాటే వరకు దాని కంట పడదు. సందేశం చేరి, సిబ్బంది కదిలి, వాహనం పోలేని కోనలోకి నడిచి వెళ్లేసరికి తెల్లవారుతుంది.

ఈ లోపు మంటను మొదట చూసేది కాపరి. పచ్చి కొమ్మలు విరిచి బాదేది వేసవికి తాత్కాలికంగా తీసుకున్న ఫైర్ వాచరు, వన సంరక్షణ సమితి సభ్యులు. చలికాలం చివర నిప్పు దాటకుండా ఫైర్‌లైన్లు శుభ్రం చేసేదీ వారే. మంట ఆరిన తరువాత ఎవరు పెట్టారన్న విచారణ మొదలయ్యేదీ వారి ఊళ్లోనే. కార్లలో వచ్చినవారు ఆదివారం రాత్రికే ఇళ్లు చేరతారు. వారి పేరు, ఊరు ఎవరి దగ్గరా నమోదై ఉండవు. గొర్రెలతో అడవి అంచున కనిపించే కాపరి మాత్రం మరునాడూ అక్కడే కనిపిస్తాడు. అనుమానం ఎవరి మీద పడుతుందో వేరే చెప్పనక్కరలేదు. కాలిన కొండలో ఆ వేసవికి మేపూ ఉండదు. నెల్లూరు జాతి గొర్రెలకు పేరుపడిన ఈ మెట్టలో మేపు పోతే మంద అమ్ముకోవలసిన దుస్థితి. చేయని తప్పుకు రెండు విధాలా నష్టపోయేది అతనే. నిజంగా నిప్పుపెట్టే కాపరులు లేరని ఎవరూ అనడం లేదు. అయితే ఎవరు పెట్టినదో తేల్చడానికి ఆ రోజు అడవిలో ఎవరెవరు ఉన్నారో తెలిసి ఉండాలి.

నీటి దగ్గరే పోటీ

వేసవి అడవిలో దారులన్నీ నీటి దగ్గరికే పోతాయి. వాగులు ఎండాక మిగిలేవి బండల మధ్య దొనలు, ఇసుకలో చెలమలు, అటవీ శాఖ వన్యప్రాణుల కోసం కట్టించి ట్యాంకరుతో నింపే సాసర్ పిట్లు. దుప్పి, కణితి, కొండగొర్రె, ఎలుగుబంటి, చిరుత.. అన్నీ ఆ కాసిని నీటి మీదే ఆధారపడతాయి. ఎండకు సొమ్మసిల్లిన బృందమూ ఆ నీటినే వెతుక్కుంటూ పోతుంది. దొనలో దిగి స్నానాలు చేయడం, సబ్బు వాడడం, అన్నం పొట్లాలు విప్పడం, పాటలు పెట్టుకోవడం జరుగుతుంటే సాయంత్రం దాహానికి వచ్చిన జంతువు చెట్టుచాటునే ఆగిపోతుంది. ఎలుగుబంటి ఎదురుపడి మీదపడే సంఘటనలకు ఇటువంటి వేళలే కారణమవుతాయి. దానికి చూపు మందం, కోపం ముందు. దగ్గరికి వచ్చేదాకా మనిషిని పసికట్టదు.

చిరుత, ఎలుగు సరే, పెద్దపులి మాటేమిటి? నల్లమల పులులు లంకమల, వెలిగొండల మీదుగా శేషాచలం వైపు సంచరించే దారిలోనే ఈ అడవి ఉంది. 2023 జూన్‌లో మర్రిపాడు మండలం కదిరినాయుడుపల్లి సమీపాన జాతీయ రహదారిపై వెళ్తున్న కారు మీదికి పెద్దపులి దూకిందన్న వార్త జిల్లా అంతటా సంచలనం రేపింది. ఏనుగుల బెడద దక్షిణాన శేషాచలం వైపుది. 2025 ఫిబ్రవరిలో మహాశివరాత్రికి ముందు ఓబులవారిపల్లె మండలం గుండాలకోన వద్ద అడవిదారిన తలకోనకు నడిచివెళ్తున్న భక్తులపై ఏనుగులు దాడిచేయగా ముగ్గురు మరణించారు. వారు తరచుగా నడిచే దారి ఎరిగిన పల్లెవాసులే. దారి తెలిసినవారికే ఆ గతి పడితే, తెలియనివారి సంగతి ఆలోచించవలసిందే.

మరో చిన్న ప్రాణి గురించీ చెప్పుకోవాలి. నెల్లూరులో వైద్యాధికారిగా పనిచేసిన ఆంగ్లేయుడు జెర్డన్ 1848లో లోకానికి పరిచయం చేసిన కలివికోడి నెల్లూరు, కడప సరిహద్దు కొండల పక్షే. 1900 తరువాత కనిపించక అంతరించిందనుకున్న ఆ పక్షి 1986లో సిద్ధవటం సమీపంలోని రెడ్డిపల్లె వద్ద మళ్లీ దొరికింది. కడప వైపు దాని కోసం లంకమల అభయారణ్యం ఏర్పడింది. రాత్రి తిరిగే, నేల మీదే మసలే ఆ పక్షికి ముళ్లపొదల అడవి కావాలి. మనిషి అలికిడి తక్కువ ఉండాలి. చీకట్లో టార్చిలైట్లతో సాగే నడకలు దానికి గిట్టవు.

నిబంధన ఉంది, బాట లేదు

చట్టం ఏమంటోందో యాత్రికుల్లో చాలామందికి తెలియదు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం ప్రకారం రిజర్వు అడవిలోకి అనుమతి లేకుండా ప్రవేశించడమే నేరం. నిప్పు రాజేయడం మరింత పెద్ద నేరం. అభయారణ్యాల విషయంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. నెల్లూరు, కడప కొండల్లో వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైబడి విస్తరించిన పెనుశిల నరసింహ అభయారణ్యం ఈ కోవలోకి వస్తుంది. అధ్యయనం, ఛాయాచిత్రాలు, పర్యాటకం వంటి పనులకు అనుమతిపత్రం ఇవ్వవచ్చని ఆ చట్టమే చెబుతోంది. అంటే తలుపు పూర్తిగా మూసి లేదు. తాళం ఎవరి దగ్గరుందో, ఎలా అడగాలో సామాన్యునికి చెప్పే బోర్డు మాత్రం అడవి అంచున కనిపించదు.

ఈ అడవులకు ఎర్రచందనం నీడ కూడా ఉంది. ప్రపంచంలో తూర్పుకనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా పెరగని ఈ చెట్టు కోసం సాగే స్మగ్లింగ్ వల్ల రాపూరు, ఆత్మకూరు, ఉదయగిరి రేంజ్‌లలో నిఘా నిరంతరం. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో జరిగిన కాల్పుల్లో 20 మంది తమిళ కూలీలు మరణించిన ఉదంతం దేశాన్ని కుదిపింది. 2016లో అటవీ చట్టాన్ని సవరించి ఎర్రచందనం నేరాలకు శిక్షలు కఠినం చేశారు. రాత్రివేళ సంచులు తగిలించుకుని ఇరవై మంది కొండల్లో నడుస్తుంటే గస్తీ సిబ్బంది ఎలా అర్థం చేసుకోవాలి? ఇది యాత్రికులను నిందించే మాట కాదు. వారి క్షేమం కోరే మాటే.

అడవిని పూర్తిగా మూసివేయడమే మందు అనేవారూ ఉన్నారు. ఆచరణలో అది సాధ్యమయ్యేది కాదు. ఇన్ని కొండలకు కాపలా పెట్టే సిబ్బంది ఏ శాఖకూ ఉండరు. నిషేధమని ప్రకటిస్తే బృందాలు రోడ్డున కాక వెనుక వాగున వస్తాయి, పేర్లు దాచుకుంటాయి, ప్రమాదం జరిగినా ఫోను చేయడానికి జంకుతాయి. పైగా ఊరి ప్రజల మనసు కూడా నొచ్చుకుంటుంది. సీతారామపురం మండలం బెడుసుపల్లిలో పుట్టి, అడవిలోని గుళ్లలో అన్నదానాలు సాగించిన అవధూత కాశినాయన పేరు చెబితే ఈ ప్రాంతంలో చేతులెత్తి మొక్కుతారు. కడప జిల్లా జ్యోతిక్షేత్రంలోని ఆయన ఆశ్రమ షెడ్లను 2025 మార్చిలో అటవీ అధికారులు కూల్చివేసినప్పుడు వచ్చిన ఆగ్రహానికి మంత్రి లోకేశ్ క్షమాపణ చెప్పవలసివచ్చింది. చట్టం ఒక్కటే పట్టుకుని పోతే అడవి పక్క ఊళ్లు కలిసిరావని ఆ ఉదంతంతో తేలిపోయింది.

మారేడుమిల్లి చేసినది ఇక్కడ కుదరదా?

మన్యంలోని మారేడుమిల్లిలోనూ, తలకోనలోనూ వన సంరక్షణ సమితుల భాగస్వామ్యంతో అటవీ పర్యాటకం నడుస్తోంది. బస, భోజనం, దారి చూపేవారు అన్నీ ఊరివారివే. వచ్చిన రాబడిలో ఊరికీ వాటా ఉంటుంది. వెలిగొండల్లో అంతటి హంగు అక్కరలేదు. దుర్గం బాట ఒకటి, సిద్ధేశ్వరం బాట ఒకటి, సోమశిల పక్కన కొండబాట ఒకటి గుర్తించి, రాళ్ల మీద సున్నం గుర్తులు వేయించి, బృందానికి ఒక స్థానికుని తప్పనిసరి చేస్తే చాలునన్న అభిప్రాయం ఉంది. ఏ చెట్టు కింద ఎలుగు పుట్ట తవ్వుతుందో, ఏ దొనలో ఏ నెల వరకు నీరుంటుందో తెలిసిన యానాది యువకులకు, కాపరులకు ఆదివారపు కూలి గిట్టుబాటవుతుంది. బృందం పేర్లు ఒక పుస్తకంలో నమోదవుతాయి. ఎవరు ఎప్పుడు ఎక్కారో, దిగారో తెలుస్తుంది. నిప్పు ఎవరిదన్న ప్రశ్నకు కాపరి ఒక్కడే జవాబు చెప్పుకోవలసిన దుస్థితి తప్పుతుంది.

దుర్గం దిగివచ్చినవారు ఉదయగిరి దిలావర్‌భాయి వీధిలో చేతితో చెక్కిన చెంచాలు, గరిటెలు కొనుక్కుని పోతే ఆ వృత్తికీ ఆసరా. భౌగోళిక గుర్తింపు దక్కిన కళ అది. దానికి కావలసిన బిక్కి, నర్ది వంటి కర్ర ఈ కొండల్లోనిదే. కొండ కాలితే ఆ వీధికీ పని ఉండదు.

అయితే ఇది ఒక్క అటవీ శాఖతో అయ్యే పని కాదు. కొండ మీది కట్టడాలు పురావస్తు శాఖ చూడవలసినవి, అడవి అటవీ శాఖది, యాత్రికులను రప్పించవలసినది పర్యాటక శాఖ, ప్రమాదం జరిగితే వెతకవలసినది పోలీసులు, రెవెన్యూ యంత్రాంగం. ఈ ఐదు శాఖలనూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టేది జిల్లా యంత్రాంగమే.

ఈ వేసవికి వచ్చేవారి సంగతి మాత్రం వాయిదా వేయడానికి వీల్లేదు. మే నెలాఖరు వరకు దుర్గం మెట్ల దారికే పరిమితం కావడం, ఐదింటికి ఎక్కి తొమ్మిదింటికల్లా దిగిపోవడం, మనిషికి నాలుగు లీటర్లకు తగ్గకుండా నీరు వెంట ఉంచుకోవడం, అగ్గిపెట్టె, సిగరెట్టు, పొయ్యి కింద వాహనంలోనే వదిలేయడం, బృందం పేర్ల జాబితా ఉదయగిరిలో అటవీ కార్యాలయానికో, పోలీసు స్టేషనుకో ఇచ్చిపోవడం కష్టమైన పనులు కావు. బయలుదేరే ముందు రోజు విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా ఇచ్చే వడగాడ్పుల హెచ్చరిక చూసుకోవాలి. ఉదయగిరి నుంచి జిల్లా కేంద్రం సుమారు వంద కిలోమీటర్లు. వడదెబ్బ తగిలిన మనిషిని కొండ దించి నెల్లూరు చేర్చేసరికి విలువైన గంటలు గడిచిపోతాయి.

జిల్లాలో వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురిసి, సంక్రాంతి దాటేదాకా కోనల్లో నీరు పారుతుంది. గడ్డి పచ్చగా ఉంటుంది. నిప్పు భయం ఉండదు. నడకకు అనువైన కాలం అదే. బాటల గుర్తింపు, స్థానికులకు శిక్షణ సెప్టెంబరులోగా పూర్తయితే కార్తీకమాసంలో ఘటిక సిద్ధేశ్వరానికి నడిచివచ్చే భక్తులకే ఆ ఏర్పాటు మొదటగా అక్కరకొస్తుంది. నగరాల బృందాలు ఆ తరువాతి ఆదివారాల్లో రావచ్చు.